ఆల్బా: పైన్ కొమ్మలు ఉడికించి చేసిన స్కాటిష్ ఏల్

పైన్ వాసన అనగానే మనకు ముందు గుర్తొచ్చేది నేల తుడిచే తెల్ల ఫినాయిల్. తప్పు మన ముక్కుది కాదు, దాన్ని చేసేదే పైన్ నూనెతో. అందుకే పైన్, దాన్ని పోలిన స్ప్రూస్ చెట్టు వేసిన బీరు అంటే చాలామంది గ్లాసు పక్కకు జరిపేస్తారు. ఆల్బా అనే ఈ ఏల్ (ఒక రకం బీరు) దగ్గర మాత్రం ఆ భయం అక్కర్లేదు. ఇందులో పైన్ ముక్కుకు తగలదు, నాలుకకు తగులుతుంది. అదీ చివర్లో, వగరుగా.

స్కాట్లండ్‌లోని అలోవా ఊళ్లో ఉన్న విలియమ్స్ బ్రదర్స్ బ్రూవరీ సరుకు ఇది. బ్రూస్, స్కాట్ అనే అన్నదమ్ములది ఆ కంపెనీ. హెదర్ పూలతో చేసే ఫ్రూఖ్ అనే ఏల్‌తో 1988లో మొదలై, పాతకాలపు పద్ధతుల్ని ఒక్కొక్కటిగా బయటికి తీశారు: గూస్‌బెర్రీతో గ్రోజెట్, ఎల్డర్‌బెర్రీతో ఎబులమ్, సముద్రపు నాచుతో కెల్పీ. ఆ వరసలో పైన్, స్ప్రూస్‌ల వంతు ఆల్బా. గేలిక్ భాషలో స్కాట్లండ్ పేరే అది. గేలిక్ వాళ్లు ‘అలపా’ అని పలుకుతారు, బార్లో ఆల్బా అంటే చాలు. ఆల్కహాల్ 7.5 శాతం, సీసా 330 మిల్లీలీటర్లు.

దీని రుచంతా ఏది ఎప్పుడు వేశారన్న దాంట్లో ఉంది. కంపెనీ చెప్పే పద్ధతి ఇదీ: బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు) రసంలో పైన్ రెమ్మలు వేసి, మామూలుగా బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు లేకుండా, గంటల తరబడి మరిగిస్తారు. స్ప్రూస్ లేత చిగుళ్లను మాత్రం పులియబెట్టే ముందు కాసేపు నానబెడతారు. చారులో మిరియాలు మొదట్నుంచీ మరగాలి, కొత్తిమీర దించేముందు పడాలి. ఇక్కడా అదే లెక్క. గంటలకొద్దీ మరిగితే పైనీన్ లాంటి తేలికపాటి సువాసన నూనెలు ఆవిరితో పాటు ఎగిరిపోతాయి. ఫినాయిల్‌ను గుర్తుచేసేవి అవే కాబట్టి పోతేనే మంచిది. మిగిలేది చెక్క వగరు, బంక చేదు. హాప్స్ చేయాల్సిన చేదు పని అవి చేస్తాయి. స్ప్రూస్ చిగుళ్లు ఆలస్యంగా పడతాయి కనుక వాటిలోని నిమ్మతొక్క లాంటి వాసన నిలుస్తుంది. రెండూ తారుమారు చేస్తే పైన్ నూనె కొట్టే బీరు వస్తుంది.

గ్లాసులో పోస్తే రాగి రంగు. నురగ పలచగా లేచి త్వరగా కుంగిపోతుంది. గ్యాస్ తక్కువ, మామూలు లాగర్ బీరులా చురుక్కుమనదు. మొదటి వాసన పైన్ కాదు, మాల్ట్‌ది: కాల్చిన పంచదార, ఎండుద్రాక్ష, కాస్త తాటిబెల్లం. గ్లాసు తిప్పి, అరచేతిలో రెండు నిమిషాలు ఉంచి మళ్లీ వాసన చూడండి. అప్పుడు చెక్క పెట్టె తెరిచినట్టు, దాని వెనకాల నిమ్మతొక్క నలిపినట్టు ఉంటుంది. నోట్లో ముందు తీపి, చిక్కదనం. మధ్యలో చిన్న పులుపు, బీరు కంటే వైన్‌కు దగ్గరగా. మింగాక నాలుక పక్కల్లో, పళ్ల చిగుళ్ల మీద వగరు పట్టుకుంటుంది. పైన్ ఉన్నది అక్కడే. ఆఖరున గొంతులో ఆల్కహాల్ వెచ్చదనం.

లేబుల్ దీన్ని ‘ట్రిపుల్’ తరహా ఏల్ అంటుంది. ఆల్కహాల్ వరకూ సరే. బెల్జియం ట్రిపుల్‌కు ఉండే బంగారు రంగు, లవంగం మిరియాల ఈస్ట్ ఘాటు కోసం చూస్తే నిరాశే. హాప్స్ చేదు ఎక్కువుండే ఐపీఏ బీరు అలవాటున్నవాళ్లకు తీపి ఎక్కువ అనిపిస్తుంది. ఆ ఫిర్యాదు న్యాయమే. సగం సీసా దాటాక ఆ తీపి కొంచెం బరువుగానే ఉంటుంది. ఇద్దరు పంచుకుంటే సరిగ్గా సరిపోతుంది.

గది ఉష్ణోగ్రత దగ్గర, కాడ ఉన్న వైన్ గ్లాసులో తాగమంటారు. గ్లాసు మాట ఖాయం. గది మాట మాత్రం స్కాట్లండ్ గదికి వర్తిస్తుంది, మే నెల విజయవాడ గదికి కాదు. 12 నుంచి 14 డిగ్రీలు సరైన చోటు. గ్లాస్గోలో అయితే ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెట్టాలి. మన ఎండాకాలంలో పది నిమిషాలు చాలు. 5 డిగ్రీల దగ్గర తాగితే మాల్ట్ మూగబోయి వగరు ఒక్కటే మిగులుతుంది, ‘ఏదో కర్ర నమిలినట్టుంది’ అనేవాళ్లు ఎక్కువగా తాగేది అలాగే. 20 దాటితే ఆల్కహాల్ మంటే ముందుకొస్తుంది.

కొనేటప్పుడు తేదీ చూడాలి. హాప్స్ రుచికే కాదు, కాపలాకూ పనికొస్తాయి. బీరును పులిపించే లాక్టిక్ బ్యాక్టీరియాను అణచేది వాటిలోని చేదే. హాప్స్ లేని ఏల్‌కు ఆల్కహాల్, పైన్ బంక కొంత అడ్డు నిలుస్తాయి గానీ పూర్తిగా కాదు. సీసా తీయగానే పులిసిన మజ్జిగ వాసన వస్తే అది పైన్ గుణం కాదు, చెడిపోయిన బీరు. తడిసిన అట్టముక్క వాసన వస్తే గాలి తగిలి పాతబడిందని అర్థం. ఒక విచిత్రం ఏమిటంటే, ఎండ తగిలిన బీరుకు వచ్చే ముతక కంపుకు కారణం హాప్స్ చేదే, కనుక ఆ బెడద దీనికి లేదు. వేడి మాత్రం దీనికీ శత్రువే.

లేబుల్ మీది చరిత్రను కొంచెం అనుమానంతో చదవాలి. ఇలాంటి ఏల్‌ను వైకింగులు తెచ్చారట, స్కాట్లండ్ కొండసీమ హైలాండ్స్‌లో 19వ శతాబ్దం చివరిదాకా తాగారట. పైన్ మాట నమ్మొచ్చు. స్కాట్స్ పైన్ అక్కడి దేశవాళీ చెట్టు, 2014లో జాతీయ వృక్షం కూడా అయింది. స్ప్రూస్ అలా కాదు, బయట్నుంచి వచ్చింది. ఇప్పుడు స్కాట్లండ్ కొండల్ని కప్పేసిన సిట్కా స్ప్రూస్‌ను డేవిడ్ డగ్లస్ ఉత్తర అమెరికా నుంచి పంపింది 1831లో. షెట్లండ్ దీవుల స్ప్రూస్ ఏల్ తాగితే కవలలు పుడతారన్న ముక్క నవ్వుకోవడానికి. లేబుల్ చెప్పే నావికుడు కెప్టెన్ కుక్ ప్రస్తావనకు మాత్రం ఆధారం ఉంది: 1773లో న్యూజిలాండ్‌లోని డస్కీ సౌండ్ దగ్గర ఓడ ఆపి, స్ప్రూస్‌ను పోలిన అక్కడి చెట్టు ఆకులతో, మొలాసిస్ (చెరకు మడ్డి) కలిపి బీరు చేయించాడు. సి విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు రాకుండా అని. పచ్చి ఆకుల్లో సి విటమిన్ నిజమే. గంటల తరబడి మరిగించాక అది పెద్దగా మిగలదు.

తిండి విషయంలో పొగబెట్టిన సాల్మన్, జింక మాంసం, నీలి చారల చీజ్ అక్కడి జోడీలు. తెలుగు వంటింట్లో మిరియాల మటన్ వేపుడు దీనికి అతుకుతుంది, వగరు ఆ కొవ్వును కోస్తుంది. గోంగూర పెట్టకండి, పులుపు మీద వగరు పడి నోరు ముడుచుకుపోతుంది. ఒక సీసాలో బ్రిటన్ లెక్కన దాదాపు రెండున్నర యూనిట్ల ఆల్కహాల్. స్కాట్లండ్‌లో డ్రైవింగ్ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములే, ఇంగ్లండ్‌లో 80. తాగిన రోజు కారు తాళాలు ఇంకొకరి దగ్గర ఉండాలి.

రుచి నచ్చి ఇంట్లో చేద్దామనుకునేవాళ్లకు: బ్రిటన్‌లో సొంతానికి చేసుకోవచ్చు, తెలుగు రాష్ట్రాల్లో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా కుదరదు. 20 లీటర్లకు స్ప్రూస్ చిగుళ్లు 100 నుంచి 120 గ్రాములు, మరుగు ఆపడానికి పది నిమిషాల ముందు. మే నెలలో, గోధుమరంగు పొర అప్పుడే ఊడి, చిగురు లేతాకుపచ్చగా మెత్తగా ఉన్నప్పుడు కోయాలి. వేళ్ల మధ్య నలిపితే నిమ్మవాసన రావాలి, బంక అంటితే ముదిరిందన్నమాట. చెట్టు నడినెత్తి చిగురు తుంచకూడదు, ఎదుగుదల ఆగుతుంది. దుకాణాల్లో దొరికే స్ప్రూస్ ఎసెన్స్ జోలికి పోవద్దు. అర చెంచా ఎక్కువైతే మళ్లీ ఫినాయిలే.

అన్నిటికంటే ముందు చెట్టును గుర్తుపట్టాలి. స్కాట్స్ పైన్ సూదులు రెండేసి జంటగా, కాస్త మెలితిరిగి, నీలిఛాయలో ఉంటాయి. స్ప్రూస్ సూది ఒంటరిది, చిన్న కొయ్యమేకు లాంటి మొన మీద నిలబడుతుంది, వేళ్ల మధ్య దొర్లుతుంది. బల్లపరుపుగా ఉండి దొర్లకపోతే అది యూ అనే వేరే చెట్టు కావచ్చు. యూ ఆకులు విషం, మరిగించినా పోదు. అనుమానం ఉన్న కొమ్మను చెట్టుకే వదిలేయండి.