టాయ్ ట్రైన్ కొనబోతున్నారా? పెట్టెలకు బ్రేకులున్నాయో లేదో ముందు చూడండి

పార్కుకో, రిసార్టుకో, స్కూలుకో టాయ్ ట్రైన్ కొందామని కొటేషన్లు తెప్పించుకుంటున్నవాళ్లు డబ్బు కట్టేముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మేం 28 లక్షలకు ఆర్డర్ ఇచ్చి, 25 లక్షలకు పైగా కట్టేశాం. ఆ బండిలో ఇప్పటిదాకా ఒక్క పిల్లాడిని కూడా ఎక్కించలేదు. ఎక్కించను కూడా. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు, వ్యవహారం లాయర్ల దగ్గర ఉంది. పైగా ఆ ఒక్కరి పేరు తెలిసినంత మాత్రాన మీ సమస్య తీరదు. ఏం చూసి కొనాలో తెలియాలి.

హనుమకొండ పక్కన మాకు నాలుగెకరాల మామిడితోట ఉంది. అందులో చిన్న పిల్లల పార్కు నడుపుతున్నాం. ఊటీ రైలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. అలాంటి బండి ఒకటి మా చెట్ల మధ్య తిరగాలని కోరిక. వేరే రాష్ట్రంలో ఒక ఫ్యాబ్రికేటర్ 'హెరిటేజ్ మోడల్' అని వీడియో పంపాడు. ఇత్తడి గంట, పొగ వదిలే గొట్టం, ఆకుపచ్చ ఇంజను, నాలుగు పెట్టెలు. లోపల ఉన్నది బ్యాటరీ మోటారు. చూడగానే మనసు పారేసుకున్నాను. తప్పు అక్కడే మొదలైంది.

బండి దిగిన రోజు మా పెదనాన్నను పిలిచాను. కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన గంట మోగించలేదు, ఇంజను వైపు కూడా పోలేదు. వంగి పెట్టె కిందికి చూసి, రెండో పెట్టె కిందికి చూసి లేచారు. "ఏందిరా, డబ్బాలకు బ్రేకులేవి?" అన్నారు. ఇంజను ఆగితే వెనకవన్నీ ఆగుతాయి కదా సార్ అన్నాడు కంపెనీ నుంచి వచ్చిన అబ్బాయి. "తెగితే?" అని అడిగారు పెదనాన్న. వాడి దగ్గర జవాబు లేదు.

ఇసుక బస్తాలు వేసి నడపాలని ఆయన పట్టుబట్టారు. ఒక్కో పెట్టెలో పన్నెండు మంది పిల్లలు, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటారనుకుని ఆరేసి వందల కిలోలు వేయించాం. అవసరం లేదు సార్, చాలాచోట్ల పెట్టాం అని ఆ అబ్బాయి చెబుతూనే ఉన్నాడు. మా ట్రాకు బావి గట్టు దగ్గర కొంచెం ఎత్తెక్కుతుంది, వంద మీటర్లకు మూడు మీటర్లు. సగం ఎక్కాక టక్కుమని చప్పుడు వచ్చింది. ముందు రెండు పెట్టెలతో ఇంజను పైకి పోయింది. వెనక రెండూ కిందికి దొర్లాయి. మొదట మనిషి నడిచినంత నెమ్మదిగా పోయాయి, పక్కనుంచి చెయ్యేసి ఆపొచ్చేమో అనిపించింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి పరిగెత్తినా అందుకోలేకపోయాం. చివరి పెట్టె పట్టాలు దిగి పక్కకు పడింది. బస్తాలు పగిలి ఇసుకంతా చెట్టు మొదట్లో పోసినట్టయింది. ఆ ఇసుక స్థానంలో పిల్లల్ని ఊహించుకుని ఆ రాత్రి నిద్రపోలేదు.

పట్టాల మధ్య వెతికితే పెట్టెను పెట్టెకు కలిపే కప్లింగు పిన్ను దొరికింది. పిన్ను అని నేనంటున్నాను గానీ, అది తల కోసేసిన మామూలు బోల్టు. అది పైకి జారిపోకుండా కింద కాటర్ పిన్ను అనే చీల దూర్చడానికి కన్నం ఉండాలి, లేదు. దాని బదులు బైండింగ్ వైరు చుట్టారు. స్లాబు వేసేటప్పుడు కడ్డీలు కడతారే, ఆ వైరు. పెట్టెకూ పెట్టెకూ మధ్య సేఫ్టీ చైను కూడా లేదు. అప్పుడు మలుపు దగ్గర పట్టాలు చూస్తే లోపలి అంచు వెంబడి మెరిసే ఇనుప రజను. అసలు రైలు చక్రం, పట్టాకు లోపలివైపు దిగి ఉండే అంచు (ఫ్లాంజ్) వైపు కాస్త లావుగా, బయటికి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. మలుపులో బయటి చక్రం లావు భాగం మీద నడిచి బండిని దారిలో పెడుతుంది. మావాళ్లు చక్రాలు లేతు మీద చదునుగా కోయించి పంపారు. అంచులు పట్టాను రాసుకుంటూ తిరుగుతున్నాయి. ఇలాగే వాడితే ఆరునెలల్లో అంచు అరిగి బండి పట్టాలెక్కి దిగిపోతుందని పెదనాన్న అన్నారు.

పెట్టెలకు బ్రేకులుండాలన్నది ఆయన చాదస్తం కాదు. 1889 జూన్‌లో ఐర్లండులోని అర్మా దగ్గర ఎత్తు ఎక్కలేక ఆగిన విహారయాత్ర రైలును రెండు ముక్కలు చేశారు. పెట్టెలు విడిపోతే వాటంతటవే పడే బ్రేకులు కావవి. వెనక ముక్క కిందికి దొర్లి, వెనకే వస్తున్న రైలును గుద్దింది. 80 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది పిల్లలు. ప్రయాణికుల రైళ్లలో బ్రేకు పైపు తెగినా తమంతట తామే పడే బ్రేకులు ఉండాలని ఆ ఏడాదే బ్రిటన్ చట్టం చేసింది. మన దేశంలోనే, మహారాష్ట్రలోని మాథేరాన్ కొండ మీదికి పోయే చిన్న రైలు 2016 మేలో వారం వ్యవధిలో రెండుసార్లు పట్టాలు తప్పితే సర్వీసు ఆపేశారు. ఎయిర్ బ్రేకులు పెట్టాకే మళ్లీ నడిపారు. ఇక నేను మోజుపడ్డ ఊటీ రైలు సంగతి. 12 అడుగులకు ఒక అడుగు లేచే ఆ ఎత్తులో, బండి వెనక్కి జారకుండా మధ్యలో రంపం లాంటి పళ్లున్న పట్టా ఉన్నా సరే, ప్రతి పెట్టెకూ బ్రేకు వేయడానికి ఒక మనిషి నిలబడి ఉంటాడు. నేను ఆ రైలు రంగు కొన్నాను, ఆ మనిషిని మర్చిపోయాను.

పట్టాలు లేకుండా టైర్ల మీద తిరిగే బండి అయితే ఈ బాధ లేదనుకోవద్దు. 2024 జూన్‌లో చండీగఢ్‌లోని ఒక మాల్‌లో అలాంటి టాయ్ ట్రైన్ చివరి పెట్టె తిరగబడి పదకొండేళ్ల బాబు చనిపోయాడు. వాటి మలుపు, వేగం, కిటికీల్లోంచి పిల్లలు వంగకుండా కడ్డీలు, అన్నీ చూసుకోవాల్సిందే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మా ఒప్పందం ప్రకారం ఆర్డరుతో 50 శాతం, బండి బయల్దేరే ముందు 40, బిగించాక 10. అంటే చక్రం మన పట్టా మీద తిరగకముందే 90 శాతం వాళ్ల చేతిలో పడింది. ఇప్పుడు పెట్టెలకు బ్రేకులు పెట్టాలంటే మరో మూడున్నర లక్షలు అడుగుతున్నారు. కనీసం 30 శాతమైనా బస్తాలతో మీ ట్రాకు మీద, మీ వాలులో నడిపి చూపించాకే ఇస్తామని రాయించుకోండి. ఒప్పుకోకపోతే వదిలేయండి, ఇంకొకరు దొరుకుతారు. కన్స్యూమర్ కోర్టుకు పోవచ్చులే అనుకున్నాను. వ్యాపారం కోసం కొన్న వస్తువుకు 2019 వినియోగదారుల చట్టం సాధారణంగా వర్తించదని లాయరుగారు చెప్పాక ధైర్యం చచ్చిపోయింది. సివిల్ దావాకు ఎన్నేళ్లు పడుతుందో మీకు తెలుసు.

సర్టిఫికెట్ ఉందిగా అంటారు. మాకూ ఇచ్చారు, గుండ్రని స్టాంపుతో సహా. దాని మీద సీరియల్ నంబరు మా బండి ఛాసిస్ మీద ఉన్న నంబరు కాదు. మూడు వారాలు ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నాక గానీ అది గమనించలేదు. కాగితం మీది నంబరు, ఇనుము మీది నంబరు మీ కళ్లతో కలిపి చూసుకోండి. పార్కుల్లో ఆటబండ్ల భద్రతకు రాసిన ప్రమాణాలు ఐఎస్ 15475, ఐఎస్‌ఓ 17842 ప్రకారం డిజైన్ లెక్కలు, తనిఖీ రిపోర్టులు ఇస్తారా అని ముందే రాతపూర్వకంగా అడగండి. ఆ నంబర్లు వినగానే మాట మార్చేవాడి దగ్గర కొనొద్దు. రోజూ ఉదయం ఏమేం చూడాలి, పిన్నులు ఎప్పుడు మార్చాలి, చక్రం అంచు ఎంత అరిగితే తీసేయాలి అన్నవి మాన్యువల్‌లో ఉండాలి. మాకిచ్చిన రెండు పేజీల్లో పొగ గొట్టంలో నూనె ఎలా పోయాలో మాత్రం వివరంగా ఉంది.

బండి ఇప్పుడు షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. పిన్ను నా టేబుల్ సొరుగులో ఉంది. హనుమకొండ వైపు వచ్చేవాళ్లు ఆర్డర్ ఇచ్చేముందు ఒకసారి వచ్చి రెండూ చూసి పోండి. వెల్డింగు తెలిసినవాళ్లను వెంట తెచ్చుకోండి. ఆదివారాలు పెదనాన్న ఇక్కడే ఉంటారు, పెట్టె కింద ఏం చూడాలో ఆయనే వంగి చూపిస్తారు.