పేనుకొరుకుడుకు ఇంజెక్షనా, కొత్త మాత్రలా: ఏది మేలు?

పేనుకొరుకుడు అంటువ్యాధి కాదు, అశుభ్రత వల్ల వచ్చేదీ కాదు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ కణాలే వెంట్రుకల కుదుళ్లపై దాడి చేయడంతో తలలోనో, గడ్డంలోనో, కనుబొమల్లోనో రూపాయి బిళ్లంత మేర జుట్టు రాలి చర్మం నున్నబడుతుంది. కుదుళ్లు మాత్రం నశించవు కనుక జుట్టు తిరిగి మొలిచే అవకాశం ఎప్పుడూ మిగిలే ఉంటుంది. ఒకటి రెండు చిన్న మచ్చలే ఉన్నవారిలో చాలామందికి ఏ మందూ లేకుండానే ఏడాదిలోపు జుట్టు వస్తుంది. ఫోనులో కొత్త మాత్రల వార్త చూసి, ఒక్క మచ్చకే అవి కావాలని పట్టుబట్టేవారు ముందుగా తెలుసుకోవలసింది ఈ సంగతినే.

సముద్రపు తేమ, చెమట ఎక్కువగా ఉండే విశాఖపట్నంలో మరొక జాగ్రత్త అవసరం. పిల్లల తలలో శిలీంధ్రం వల్ల వచ్చే తామర కూడా చూపుకు ఇలాగే ఉండవచ్చు. పొట్టు రాలుతున్నా, వెంట్రుకలు మధ్యలో తెగి మొండిగా మిగిలినా తామరను అనుమానించాలి. దానిపై స్టెరాయిడ్ పూస్తే ముదురుతుంది. అందువల్ల మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబుతో వైద్యం మొదలుపెట్టకుండా, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోని చర్మవ్యాధుల విభాగంలోనో, దగ్గరలోని చర్మవైద్యుని వద్దనో ముందు నిర్ధారణ చేయించుకోవాలి. గురివింద గింజ నూరి పట్టించడం మన ప్రాంతంలో పాత అలవాటే అయినా, ఆ గింజలో అబ్రిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంది కనుక దాని జోలికి అసలు పోకూడదు.

పెద్దవారిలో మచ్చలు కొద్దిగా ఉన్నప్పుడు నా మొగ్గు స్పష్టంగా ఇంజెక్షన్ వైపే. ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్‌ను సన్నని సూదితో మచ్చలోనే, చర్మం లోపలి పొరలోకి, నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి ఇస్తారు. మందు చాలావరకు అక్కడికే పరిమితమవుతుంది, ఖర్చు తక్కువ, పాడేరు నుంచి వచ్చేవారికైనా నెలకొక ప్రయాణం సరిపోతుంది. నొప్పి ఉంటుంది, కొన్నిసార్లు ఆ చోట చర్మం పలచబడి గుంట పడుతుంది, అది చాలామందిలో క్రమంగా పూడుతుంది. తలకు పూసే మినాక్సిడిల్ అనే మందు దీనికి తోడుగా పనికొస్తుందే గాని, ఒంటరిగా దానిపై ఆశ పెట్టుకోలేము.

తల సగానికి పైగా ఖాళీ అయినప్పుడు లెక్క మారుతుంది, ఎందుకంటే అంత మేర సూదులు వేయడం సాధ్యం కాదు. డీపీసీపీ అనే రసాయనాన్ని వారం వారం పూసి, కావాలనే స్వల్పమైన దురద, ఎరుపు తెప్పించే పద్ధతి ఒకటి ఉంది. పూసిన తరువాత రెండు రోజులు తలకు ఎండ తగలకూడదు, తడపకూడదు. మన ఉక్కపోతలో, అందునా హెల్మెట్ పెట్టుకుని పనిచేసే కార్మికులకు, ఇది కష్టసాధ్యం.

ఇక జాక్ నిరోధక మాత్రలు. కుదుళ్లపై దాడికి ఆజ్ఞలు మోసే జాక్ ఎంజైములను ఇవి అడ్డుకుంటాయి. తీవ్రమైన వ్యాధి ఉన్న పెద్దలకు బారిసిటినిబ్‌ను అమెరికా 2022లో ఆమోదించింది. రోజుకు 4 మిల్లీగ్రాములు వాడినవారిలో 36 వారాలకు మూడింట ఒక వంతుకు పైగా మందికి తలలో కనీసం 80 శాతం జుట్టు కనిపించింది. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో అది 3 నుంచి 6 శాతమే. ఏళ్ల తరబడి తల కప్పుకుని తిరిగిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. అయితే మాత్రలు ఆపితే జుట్టు మళ్లీ రాలడం సర్వసాధారణం. తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం, గుండె జబ్బు, క్యాన్సర్‌ల గురించి ఈ తరగతి మందులపై హెచ్చరిక ఉంది. క్షయ మన మధ్య ఎంతోమంది శరీరాల్లో నిద్రాణంగా ఉంటుంది కనుక, క్షయ, హెపటైటిస్ పరీక్షలు చేయకుండా ఈ మాత్రలు రాసే వైద్యుని వద్ద మొదలుపెట్టవద్దు. గర్భం ధరించాలనుకునే స్త్రీలు ఆ మాట ముందే చెప్పాలి.

చిన్నపిల్లలు సూదిని ఓర్చుకోలేరు కాబట్టి వారికి సాధారణంగా పైపూత స్టెరాయిడ్‌తోనే మొదలుపెడతారు. వ్యాధి తీవ్రంగా ఉన్నప్పుడు 12 ఏళ్లు నిండినవారి కోసం రిట్లెసిటినిబ్ అనే మాత్రకు 2023లో అమెరికా అనుమతి లభించింది. దానికీ పైన చెప్పిన పరీక్షలన్నీ తప్పనిసరి.