ఎఫ్‌ఎఫ్‌పీ స్కోపా, ఎస్‌ఎఫ్‌పీ స్కోపా: మీ రైఫిల్‌కి ఏది మేలు?

స్కోపు కొందామనుకుంటున్నాను అని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒకటే, ఎంత దూరంలో కాలుస్తావు, ఆ దూరం మారుతూ ఉంటుందా మారదా అని. చాలామంది దానికి జవాబు చెప్పకుండా "పదహారు ఎక్స్ చాలా, ఇరవై నాలుగు కావాలా" అని తిరిగి నన్నే అడుగుతారు. జూమ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు తేలాల్సింది రెటికిల్, అంటే గురిపెట్టడానికి స్కోపులో కనిపించే గీతలు, లోపల ఎక్కడ కూర్చుంది అన్నది, ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లోనా సెకండ్ ఫోకల్ ప్లేన్‌లోనా. వాడుకలో ఎఫ్‌ఎఫ్‌పీ, ఎస్‌ఎఫ్‌పీ అంటాం. ఈ తేడా సరిగ్గా పట్టించుకోక నేను ఒక పూటంతా, దాంతోపాటు ఒక పెట్టె తూటాలూ పోగొట్టుకున్నాను, అందుకే కాస్త విడమర్చి చెప్తాను.

స్కోపు ముందువైపున్న పెద్ద అద్దం దూరపు దృశ్యాన్ని గొట్టం లోపల ఒకచోట బొమ్మలా నిలబెడుతుంది. ఆ బొమ్మ తలకిందులుగా ఉంటుంది. దాని వెనక ఎరెక్టర్ అనే అద్దాల వరస దాన్ని నిటారుగా తిప్పి, మనం జూమ్ రింగు తిప్పినదాన్ని బట్టి పెంచి లేదా తగ్గించి, కంటివైపు రెండో బొమ్మ వేస్తుంది. రెటికిల్‌ని మొదటి బొమ్మ పడేచోట పెడితే ఎఫ్‌ఎఫ్‌పీ, రెండో బొమ్మ పడేచోట పెడితే ఎస్‌ఎఫ్‌పీ. కాబట్టి ఎఫ్‌ఎఫ్‌పీలో జూమ్ పెంచితే టార్గెట్‌తో పాటు గీతలు కూడా అంతే పెరుగుతాయి, ఎస్‌ఎఫ్‌పీలో టార్గెట్ పెరుగుతుంది గానీ గీతలు అలాగే ఉంటాయి. వినడానికి చాలా చిన్న విషయం.

నా దగ్గరున్నది .22 రైఫిల్, దాని మీద 4-16 ఎస్‌ఎఫ్‌పీ స్కోపు, మిల్ గీతలున్న రెటికిల్. 1 మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు, 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు. జీరో, అంటే మధ్య గీతతో గురిపెడితే గుండు సరిగ్గా అక్కడే తగిలే దూరం, 50 మీటర్లకు పెట్టుకున్నాను. 100 మీటర్ల దగ్గర అరచేయంత ఇనప పలక వేలాడుతోంది. 40 గ్రెయిన్ల మామూలు స్టాండర్డ్ వెలాసిటీ తూటా ఈ జీరోతో 100 మీటర్ల దగ్గర సుమారు 20 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, అంటే 2 మిల్. మధ్య గీతకు కిందున్న రెండో గీతను పలక మీద పెట్టి కాల్చాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 16 ఎక్స్‌లో అలాగే కాల్చాను, కాల్చినప్పుడల్లా పలక ఠంగుమంది. పదకొండు దాటాక ఎండ ముదిరి, నేల మీది వేడికి పలక నీళ్లలో ఉన్నట్టు ఊగడం మొదలుపెట్టింది. జూమ్ తగ్గిస్తే ఆ ఊపు తక్కువ కనిపిస్తుందని 8 ఎక్స్‌కి తిప్పాను. అదే రెండో గీత, అదే పలక. ఒక్కటీ తగల్లేదు. వెనక మట్టికట్ట మీద, పలకకు జానెడు పైన, వరసగా దుమ్ము లేస్తోంది.

తూటాల పెట్టె మార్చాను. ఆ తర్వాత బోల్ట్ బయటికి తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకుని, రింగుల స్క్రూలన్నీ ఒక్కొక్కటే తడిమాను. అన్నీ బిగువుగానే ఉన్నాయి. బ్యారెల్ పాడైందేమో అన్న దిగులు కూడా వచ్చేసింది. పక్క బెంచీ మీద కూర్చున్న పెద్దాయన కాసేపు చూసి, "జూమ్ ఎంతలో ఉంది బాబూ?" అన్నారు. ఎనిమిదిలో ఉందండీ అన్నాను. "మరి నీ గీతలు ఎంతలో నిజం?" అన్నారు. అంతే, ఇంకేం చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది.

ఎస్‌ఎఫ్‌పీ స్కోపులో గీతల కొలత ఒక్క జూమ్ దగ్గరే నిజం. చాలా స్కోపుల్లో అది అన్నిటికన్నా పెద్ద జూమ్, కొన్నిటిలో 10 ఎక్స్, కాబట్టి మాన్యువల్ చూడకుండా ఊహించుకోవద్దు. నాది 16 దగ్గర నిజం. 8కి తిప్పేసరికి బొమ్మ సగమైంది, గీతలు తగ్గలేదు, అంటే 2 మిల్ గీత ఇప్పుడు 4 మిల్ కొలుస్తోంది. నేను అవసరానికి 2 మిల్ ఎక్కువ పైకి పట్టుకున్నాను, 100 మీటర్ల దగ్గర అది సరిగ్గా 20 సెంటీమీటర్లు. దుమ్ము జానెడు పైన లేచింది అందుకే. లెక్క కూడా సులువే, గీత మీద రాసిన విలువను నిజమైన జూమ్‌తో గుణించి, ఇప్పుడున్న జూమ్‌తో భాగిస్తే అసలు విలువ వస్తుంది. 12 ఎక్స్‌లో 1 మిల్ గీత 1.33 మిల్ అవుతుంది. బెంచీ మీద తీరిగ్గా కూర్చుంటే ఈ లెక్క చేసుకోవచ్చు. టైమర్ నడుస్తుండగా, ఒక పలక 60 మీటర్లలో, ఇంకోటి 110లో ఉన్నప్పుడు ఎవరూ చెయ్యరు, చెయ్యలేరు.

ఎఫ్‌ఎఫ్‌పీ బలమంతా ఇక్కడుంది. ఏ జూమ్‌లో ఉన్నా 1 మిల్ అంటే 1 మిల్లే. గాలికి పక్కకు పట్టుకోవాలన్నా, మొదటి గుండు ఎక్కడ పడిందో గీతలతో కొలిచి రెండోది సరిదిద్దుకోవాలన్నా, జూమ్ రింగు వైపు చూడనక్కర్లేదు. దూరం కొలవడానికీ అంతే. 300 మిల్లీమీటర్ల పలక గీతల మీద 1.5 మిల్ వచ్చిందంటే 300ని 1.5తో భాగిస్తే 200 మీటర్లు. ఎస్‌ఎఫ్‌పీతో కూడా ఈ లెక్క చెయ్యొచ్చు, కాకపోతే ముందు రింగు సరైన అంకె దగ్గరుందో లేదో చూసుకోవాలి, ఆ చూసుకోవడమే మనం మర్చిపోయేది.

ఒక అపోహ మాత్రం వదిలించుకోవాలి. ఎస్‌ఎఫ్‌పీలో జూమ్ మారిస్తే టరెట్ (గురిని పైకీ కిందికీ, పక్కకీ జరిపే స్కోపు మీది గుండీ) క్లిక్కులు కూడా తప్పుతాయని కొందరు గట్టిగా నమ్ముతారు. తప్పవు. 0.1 మిల్ క్లిక్ 100 మీటర్ల దగ్గర ఒక సెంటీమీటర్, 4 ఎక్స్‌లోనూ అంతే, 16లోనూ అంతే. ఆ రోజు నేను గీతతో పట్టుకోకుండా టరెట్‌తో 20 క్లిక్కులు తిప్పి మధ్య గీతతోనే కాల్చి ఉంటే 8 ఎక్స్‌లో కూడా పలక మోగేది. కాబట్టి తీరిగ్గా టరెట్ తిప్పుకునే అలవాటున్నవాళ్లకి ఎస్‌ఎఫ్‌పీ పెద్ద లోటేమీ కాదు.

ఇక ఎస్‌ఎఫ్‌పీ గెలిచే చోట్లు. మీరు కాల్చేది ఎప్పుడూ కాగితం మీద, ఎప్పుడూ ఒకటే దూరం, కోరేది చిన్న గ్రూపు, అంటే గుళ్లన్నీ దగ్గర దగ్గరగా పడటం అయితే ఎస్‌ఎఫ్‌పీనే తీసుకోండి, ఇందులో నాకు రెండో మాట లేదు. ఎఫ్‌ఎఫ్‌పీలో 0.05 మిల్ మందం ఉన్న గీత 100 మీటర్ల దగ్గర 5 మిల్లీమీటర్లు కప్పేస్తుంది, జూమ్ ఎంత పెంచినా అదే 5, ఎందుకంటే గీత కూడా పెరుగుతుంది. .22 గుండు వెడల్పే సుమారు 5.6 మిల్లీమీటర్లు, అంటే కాల్చిన రంధ్రం గీత వెనక దాదాపు దాక్కుంటుంది. ఎస్‌ఎఫ్‌పీలో జూమ్ పెంచేకొద్దీ గీత కప్పే జాగా తగ్గుతుంది, రంధ్రం అంచు మీద గురిపెట్టొచ్చు. బల్ల మీద రైఫిల్ ఆనించి చిన్న గ్రూపు కోసం పోటీపడే బెంచ్‌రెస్ట్ వాళ్లు దీన్ని వదలకపోవడానికి ఇదే కారణం.

తక్కువ జూమ్‌లో సంగతి కూడా చూడండి. 5-25 ఎఫ్‌ఎఫ్‌పీ స్కోపుని 5 ఎక్స్‌కి తిప్పితే గీతలు సాలెపోగుల్లా సన్నబడతాయి, అంకెలు చదవడం కుదరదు. పొద్దువాలే వేళ, నల్లటి నేపథ్యం మీద అయితే గీత ఉందో లేదో కూడా తెలియదు. వెలిగే రెటికిల్ ఉంటే కొంత నయం. ఎస్‌ఎఫ్‌పీ గీత ఎప్పుడూ ఒకే లావు కాబట్టి కన్నులకు హాయి, చదవడానికి అద్దాలు పెట్టుకునే వయసు వచ్చినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. 3-9 లాంటి చిన్న జూమ్ స్కోపులో ఈ తేడాలన్నీ తక్కువే, అక్కడ ఎఫ్‌ఎఫ్‌పీ కోసం అదనంగా డబ్బు పెట్టడం నాకు అనవసరం అనిపిస్తుంది. ఒకే డబ్బుకి రెండూ దొరికినప్పుడు మామూలుగా ఎస్‌ఎఫ్‌పీలో అద్దం మెరుగ్గా ఉంటుంది, చౌక ఎఫ్‌ఎఫ్‌పీ కన్నా మంచి అద్దమున్న ఎస్‌ఎఫ్‌పీ వెయ్యి రెట్లు నయం.

ఎఫ్‌ఎఫ్‌పీకి ఇంకో మార్కు ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. ఎస్‌ఎఫ్‌పీలో రెటికిల్ ఎరెక్టర్‌కి వెనక ఉంటుంది కాబట్టి, జూమ్ తిప్పినప్పుడు లోపలి అద్దాలు వెంట్రుకవాసి పక్కకు జరిగినా గుండు పడే చోటు మారినట్టవుతుంది. మంచి స్కోపుల్లో అది లెక్కలోకి రానంత తక్కువ, నాసిరకం వాటిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎఫ్‌ఎఫ్‌పీలో గీతలూ బొమ్మా కలిసే జరుగుతాయి కాబట్టి ఆ బాధ లేదు.

ఇవి కాక బీడీసీ రెటికిల్ అని ఒకటి అమ్ముతారు. కింది గీతల పక్కన 200, 300, 400 అని దూరాలే ముద్రించి ఉంటాయి, గీత పెట్టు, కాల్చు అంటారు. అవి ఒక గుండుకి, ఒక వేగానికి, ఒక రకం గాలి సాంద్రతకి లెక్కేసిన గీతలు. సొంతంగా తూటాలు రీలోడ్ చేసుకునేవాళ్లకి దీన్ని నేను అస్సలు చెప్పను. మీరు గుండు బరువు మార్చినా, మీ రైఫిల్‌కి నప్పిన వేగం వాళ్లు అనుకున్న వేగం కాకపోయినా, ఆ అంకెలు మీ తూటాకి వర్తించవు. తూటాని మీ రైఫిల్‌కి తగ్గట్టు ఓపిగ్గా కుదుర్చుకుని, చివరికి దాన్ని స్కోపు మీద ఎవరో ముద్రించిన అంకెకి కట్టేయడం ఎందుకు? మామూలు మిల్ గీతలు తీసుకుని, క్రోనోగ్రాఫ్‌తో మీ గుండు వేగం కొలిచి, ఏ దూరానికి ఎంత దిగుతుందో మీ పట్టిక మీరే రాసుకోండి.

మిల్ మేలా, ఎంఓఏ అనే ఇంకో కోణం కొలత మేలా అన్న గొడవ కూడా ఇక్కడే తీర్చేస్తాను. 1 ఎంఓఏ 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు, 100 మీటర్ల దగ్గర 29 మిల్లీమీటర్లు. 1 మిల్ 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు. పావు ఎంఓఏ క్లిక్ 7.3 మిల్లీమీటర్లు జరుపుతుంది, 0.1 మిల్ క్లిక్ 10. పావు ఎంఓఏ సన్నం కాబట్టి అదే కచ్చితం అంటారు. కానీ .22లో ఒక గుండుకీ ఇంకో గుండుకీ సెకనుకు 10 మీటర్ల వేగం తేడా ఉంటే, ఆ తేడా ఒక్కటే 100 మీటర్ల దగ్గర సుమారు 3 సెంటీమీటర్లు తింటుంది. దాని ముందు 3 మిల్లీమీటర్ల క్లిక్ తేడా ఎంత? మీతో కాల్చేవాళ్లు ఏది మాట్లాడతారో అది తీసుకోండి. పక్కన కూర్చుని చూసేవాడు "అర మిల్ ఎడమకి" అన్నప్పుడు మీరు కాలిక్యులేటర్ వెతుక్కోకూడదు. రెటికిల్ మిల్, టరెట్ ఎంఓఏ ఉన్న పాత స్కోపులు సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తాయి, వాటి జోలికి మాత్రం పోవద్దు.

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ వాళ్లకి ఒక్క మాట. మీ రైఫిల్ మొదట వెనక్కి, వెంటనే ముందుకి, రెండు వైపులా తన్నుతుంది. పెద్ద రైఫిల్ తన్నుని తట్టుకున్న స్కోపు కూడా దీని మీద విరగొచ్చు. ఎఫ్‌ఎఫ్‌పీనా కాదా అన్నదాని కన్నా ముందు, స్ప్రింగ్ రైఫిల్‌కి పనికొస్తుందని తయారీదారు రాసిచ్చాడా, పారలాక్స్ (కన్ను కదిలితే గీత టార్గెట్ మీద జరిగినట్టు కనిపించడం) సరిదిద్దుకోవడం 10 మీటర్ల దాకా దిగుతుందా అన్నవి చూసుకోండి.

నన్నడిగితే, దూరాలు మారుతూ గీతలతోనే పట్టుకుని కాల్చే పోటీలకి ఎఫ్‌ఎఫ్‌పీ, మిగతా అన్నిటికీ మంచి అద్దమున్న ఎస్‌ఎఫ్‌పీ. ఇప్పటికే ఎస్‌ఎఫ్‌పీ ఉన్నవాళ్లు అది అమ్మేసి ఇంకోటి కొనక్కర్లేదు. ఒక పెద్ద అట్ట మీద నిలువుగా, సరిగ్గా 10 సెంటీమీటర్ల ఎడంతో లావుపాటి అడ్డగీతలు గీసి, టేపుతో కొలిచిన 100 మీటర్ల దగ్గర నిలబెట్టండి. రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసి పక్కన పెట్టి, ఇసక సంచుల మీద కదలకుండా ఆనించి, రెటికిల్ మిల్ గీతలు అట్ట మీది గీతలతో అచ్చంగా కలిసేదాకా జూమ్ రింగుని నెమ్మదిగా తిప్పండి. కలిసిన చోటే మీ గీతలు నిజమయ్యే జూమ్, అది రింగు మీది అంకెతో ఒక్కోసారి కలవదు. నాది 16 అని రాసి ఉన్నచోటికి వెంట్రుకంత ముందే కలిసింది. అక్కడ గోళ్ల రంగుతో చిన్న తెల్ల చుక్క పెట్టుకున్నాను. ఇప్పుడు గీతతో పట్టుకుని కాల్చాల్సి వస్తే, చెంప స్టాక్‌కి ఆనించే ముందు ఆ చుక్క వైపు ఒకసారి చూస్తాను.