టర్బో ఇంజన్‌కు ఇంధనం: రిటర్న్ లైనా, రిటర్న్‌లెస్సా?

రిటర్న్‌లెస్ పద్ధతిలో రెగ్యులేటర్ (పెట్రోలు పీడనాన్ని అదుపు చేసే భాగం) సాధారణంగా ట్యాంకులోనే ఉంటుంది, ఇంజన్ వైపు ఒకే పైపు. పని తక్కువ, వేడెక్కిన పెట్రోలు ట్యాంకులోకి తిరిగి రాదు. బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి పీడనం) కొద్దిగానే పెడితే దీన్ని కదిలించక్కర్లేదు.

చిక్కంతా బూస్ట్ పెరిగినప్పుడే. రెయిల్‌లో, అంటే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు దాన్ని పంచే గొట్టంలో, 58 పీఎస్ఐ పీడనం స్థిరంగా ఉందనుకోండి. మానిఫోల్డ్‌లో (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి) 15 పీఎస్ఐ బూస్ట్ ఎదురు నెడితే ఇంజెక్టర్‌కు మిగిలేది 43. ప్రవాహం పీడనం వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి పెట్రోలు సుమారు 14 శాతం తగ్గుతుంది, అదీ ఇంజన్‌కు బాగా కావాల్సిన క్షణంలో!

రిటర్న్ పద్ధతిలో రెగ్యులేటర్ రెయిల్ తర్వాత వస్తుంది, మిగిలిన పెట్రోలు రిటర్న్ పైపులో ట్యాంకుకు తిరిగి వెళ్తుంది. మానిఫోల్డ్ నుంచి దానికో సన్నగొట్టం. బూస్ట్ ఒక పీఎస్ఐ పెరిగితే రెయిల్ పీడనమూ ఒకటి పెరుగుతుంది. గట్టి బూస్ట్‌కు నా ఓటు దీనికే. సెట్ చేసేటప్పుడు ఆ గొట్టం ఊడదీసి, కొస మూసి, ఐడిల్‌లో గేజ్ 43.5 చూపేదాకా స్క్రూ తిప్పి లాక్‌నట్ బిగించండి. గొట్టం మళ్లీ తగిలించగానే వాక్యూమ్‌కు ముల్లు కాస్త దిగాలి. దిగలేదంటే ముందు ఆ గొట్టంలో లీకేజీ వెతకండి.

రిటర్న్ పైపు దగ్గర మాత్రం పొదుపు వద్దు. అది మరీ సన్ననిదైతే స్క్రూ ఎంత వదులు చేసినా పీడనం దిగదు. దాని కొస ట్యాంకులో పెట్రోలు మట్టానికి కిందే ఉండాలి, లేకపోతే నురగ లేస్తుంది.