మూడు నెలలు వాడిన ప్రొబయాటిక్ క్యాప్సూళ్ళపై నా అభిప్రాయం

నిరుడు నాకు బాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలో మేలుచేసే బాక్టీరియా తగ్గి వేరేవి పెరిగిపోయే సమస్య) మూడుసార్లు వచ్చింది. గైనకాలజిస్టు రాసిచ్చిన మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ 7 రోజులు వాడితే తెల్లబట్ట, చేపల వాసన పూర్తిగా తగ్గేవి, కానీ రెండు నెలలు తిరగకముందే మళ్ళీ మొదలయ్యేవి. అందుకే మూడో కోర్సు ముగియగానే, స్త్రీల కోసమంటూ మందుల షాపులో అమ్మే ప్రొబయాటిక్ (మేలుచేసే బాక్టీరియా ఉండే) క్యాప్సూళ్ళను డాక్టరుకు చెప్పి మొదలుపెట్టాను.

రోజుకు దాదాపు 30 రూపాయలు ఖర్చయింది. మొదటి వారం కొంచెం కడుపుబ్బరం తప్ప వేరే బాధ లేదు. ఆ మూడు నెలలూ సమస్య తిరిగి రాలేదు గానీ నాలుగో నెలలో వచ్చింది. మధ్యలో దొరికిన ఊరట వీటివల్లేనని నేను చెప్పలేను.

నా ప్రధాన అభ్యంతరం పెట్టె మీది రాతల గురించి. ల్యాక్టోబాసిల్లస్ అని, ఎన్ని కోట్ల బాక్టీరియా ఉన్నాయో రాశారు గానీ, అది ఏ జాతో, ఆ జాతిలో ఏ స్ట్రెయినో (ఉపరకమో) రాయలేదు. యోనిలో లాక్టిక్ ఆమ్లం తయారుచేసి పీహెచ్‌ను 4.5కు మించనివ్వకుండా కాపాడే బాక్టీరియాలో క్రిస్పేటస్ జాతి మేలైనది. ఐనర్స్ అనే మరో ల్యాక్టోబాసిల్లస్ జాతి అంత స్థిరమైన రక్షణ ఇవ్వదు. అమెరికాలో 228 మంది స్త్రీలపై జరిపి 2020లో ప్రచురించిన పరీక్షలో, మెట్రోనిడజోల్ జెల్ వాడిన తరువాత క్రిస్పేటస్‌లోని సీటీవీ-05 అనే స్ట్రెయిన్‌ను 11 వారాల పాటు యోనిలోనే పెట్టుకున్నవారిలో 12 వారాలకు 30 శాతం మందికి వ్యాధి తిరగబెట్టగా, ఉత్తుత్తి మందు వాడినవారిలో అది 45 శాతం. ఆ ఫలితం ఆ స్ట్రెయిన్‌కు, ఆ పద్ధతికి చెందినదే గానీ, పేరు తెలియని బాక్టీరియాను నోటితో మింగడానికి వర్తించదు. ఇంట్లో పెద్దవాళ్ళు పెరుగు రాసుకోమంటారు గానీ, తోడులో ఉండే జాతులు వేరు, దయచేసి ఆ పని చేయకండి.

దురద, ఈస్టు ఇన్ఫెక్షన్ కూడా రావని పెట్టె మీద ఉన్న హామీ నాకు మరీ కోపం తెప్పించింది. యాంటీబయాటిక్స్ వాడే స్త్రీలపై ఆస్ట్రేలియాలో చేసిన పరీక్షను 2004లో ప్రచురించారు. నోటితో తీసుకున్నా, యోనిలో పెట్టుకున్నా ల్యాక్టోబాసిల్లస్ ఈస్టు ఇన్ఫెక్షన్‌ను ఆపలేదని అందులో తేలింది.

స్ట్రెయిన్ పేరు లేని పెట్టెను ఇక కొనను. నాలుగోసారి వచ్చినప్పుడు డాక్టరు నాతోపాటు మావారికీ 7 రోజులు మాత్రలు, పూత మందు రాశారు. భర్తకూ చికిత్స చేస్తే వ్యాధి తిరగబెట్టడం బాగా తగ్గుతుందని 2025లో వెలువడిన ఆస్ట్రేలియా పరీక్ష చూపిందని ఆవిడ వివరించాక, మావారు మారుమాట లేకుండా వాడారు.