సప్పొరోలో ‘నామ’ చాక్లెట్

ఫిబ్రవరిలో మా ఆవిడా నేనూ జపాన్‌లోని సప్పొరోలో నాలుగు రోజులున్నాం. వెళ్ళింది మంచు కోసం. తిరిగింది మాత్రం ఎక్కువగా చాక్లెట్ కొట్లే.

మొదటిరోజే ‘నామ చోకో’ దగ్గర ఆగిపోయాను. ఫోన్లో చెబితే అమ్మ, "నామమా? డబ్బులు తీసుకుని మరీ పెడతారేంట్రా?" అంది. నామ అంటే పచ్చి. పచ్చిగుడ్డుకీ అదే మాట, డ్రాఫ్ట్ బీరుకీ అదే. చాక్లెట్ విషయంలో మాత్రం, క్రీమ్ కలిపిన మెత్తటి ముక్కలు, పైన కోకో పొడి. రాయిస్ అనే చాక్లెట్ కంపెనీ వాళ్ళ పెట్టెలో 20 ముక్కలు, గుచ్చుకోవడానికి చిన్న ఫోర్కు. నమలాల్సిన పనే లేదు, వెన్నలా జారిపోతుంది. అయితే ఈ రకాల్లో చాలావాటిలో కాస్త మద్యం పడుతుంది. ‘ఒసాకె హైత్తె ఇమాస్ కా?’ (మద్యం ఉందా?) అనడిగితే చాలు. డిపార్ట్‌మెంట్ స్టోర్ కింది అంతస్తులో ఒకమ్మాయి మూడు రకాలకి ఉందని తలూపి, మద్యం లేని నాలుగోదాని మీద వేలు పెట్టింది.

బస స్టేషన్ పక్కనే, గది శుభ్రం. రాత్రి పెట్టెను ఫ్రిజ్‌లో పెట్టి పడుకున్నాం. పెట్టె మీద 10 డిగ్రీల లోపు ఉంచమని రాసుంది. పొద్దున తీస్తే హీటర్ వేడికి ముక్కలన్నీ ఒకే ముద్ద! ఫ్రిజ్‌కి వేరే స్విచ్ ఉందట, అతిథే వేసుకోవాలట. ఆ మాట ఎవరూ చెప్పలేదు. చెంచాతో తిన్నాం.

షిరోయి కొయిబితో పార్క్‌కి మెట్రోలో చివరి స్టేషన్ మియానొసవాలో దిగి కాస్త నడవాలి. బిస్కెట్ల తయారీని అద్దాల్లోంచి చూడటం పిల్లలకి సరదా. మాకు గంట చాలనిపించింది. షిన్ చితొసె ఎయిర్‌పోర్ట్‌లో రాయిస్ వాళ్ళ చిన్న ఫ్యాక్టరీని ఊరికే చూడొచ్చు. నాకదే నచ్చింది.

వాలెంటైన్స్ డే దగ్గరపడటంతో ఎక్కడ చూసినా ఎర్ర పెట్టెలే. ఆ రోజు ఇచ్చేది ఆడవాళ్ళు. ఆఫీసు వాళ్ళకి ‘గిరి చోకో’, అంటే మన మొహమాటం చాక్లెట్. మనసైనవాడికి ‘హొన్మెయి’. స్నేహితులకి ‘తొమొ’. మగవాళ్ళు మార్చి 14న బాకీ తీర్చాలి. మా ఆవిడ నాకు కొన్నది ఏ రకమో చెప్పలేదు.

అమ్మకి ‘ఇతా చోకో’ తెచ్చాను. ఇతా అంటే పలక. ఫ్రిజ్ గొడవ లేదు, మద్యం భయం లేదు. ఓ ముక్క కొరికి, "ఇదేంట్రా, కాకరకాయలా ఉంది" అంది. రేపర్ మీద ‘బితా’ అని పెద్దక్షరాలతో ఉంది. చేదని ముందే చెప్పారు, నేనే చూసుకోలేదు.