నల్లబల్లా, కంప్యూటరా, వీణ మెట్లా? ఇంజనీరింగ్ గణితానికి ఏది మేలు

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఏపీ ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు మూడు గంటలు. వాటిలో సగం, అంటే 80, గణితానివే. ప్రశ్నకు నిమిషం పైచిలుకు. రెండేళ్లు ఆ వేగానికి అలవాటుపడిన పిల్లలే విజయనగరం, రాజాం, టెక్కలి కళాశాలల్లో మొదటి సంవత్సరంలో చేరతారు. జవాబు పట్టేయడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఒక పరిస్థితిని చెప్పి సమీకరణం రాయమంటేనే పెన్ను కదలదు.

అందుకని నల్లబల్లను తీసిపారేసేవారితో నాకు పేచీ. సూత్రం ఎలా పుట్టిందో వరుసగా చూపడానికి సుద్దముక్కను మించింది లేదు. కాకపోతే సివిల్ వారికీ కంప్యూటర్స్ వారికీ అవకలన సమీకరణాలను బీజగణితంగా మార్చే అదే లాప్లాస్ పరివర్తన, అవే లెక్కలు. ఎందుకు నేర్చుకోవాలో ఎవరూ చెప్పరు.

కంప్యూటర్ ల్యాబ్ సంగతి వేరు. గ్రాఫులు, బొమ్మలు గీసే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్ ఉచితం, ఫోనులోనూ నడుస్తుంది. డిజైన్ విద్యార్థులకు మరీ పనికొస్తుంది. రెనో కార్ల సంస్థలో పియర్ బెజియే 1960లలో వాడుకలోకి తెచ్చిన వక్రాల్లో బిందువును లాగితే వంపు మారడం కళ్ల ముందే కనిపిస్తుంది. అయితే మూడు బిందువుల వక్రానికి సరిగ్గా నడుమ వాటి వాటాలు పావు, సగం, పావు అని ఒక్కసారైనా చేత్తో కట్టని విద్యార్థికి అది ఉత్త బొమ్మలాటే.

నా ఓటు మూడోదానికి: వస్తువుతో మొదలుపెట్టడం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో చేసే వీణనే తీసుకోండి. 24 మెట్లు. తంతి మోగే పొడవు 80 సెంటీమీటర్లనుకుందాం. 12వ మెట్టు దగ్గర స్వరం ఒక స్థాయి పెరగాలి కనుక పొడవు 40కి, 24వ మెట్టు దగ్గర 20కి తగ్గాలి. మరి నడుమ మెట్ల ఎడం సమానమా? స్కేలు పెట్టి చూస్తే కాదని తేలుతుంది. పన్నెండుసార్లు గుణిస్తే 2 వచ్చే సంఖ్య 1.0595; ఒక్కో మెట్టుకూ పొడవును దాంతో భాగిస్తూ పోవాలి. మొదటి మెట్టు 4.5 సెంటీమీటర్ల దూరంలో పడితే, 12కీ 13కీ మధ్య ఎడం అందులో సగమే. గుణశ్రేఢి వేలికింద దొరుకుతుంది. ఒక్కో మెట్టు దగ్గర మోగే పొడవుకు లాగరిథం తీసి, మెట్టు సంఖ్యకు ఎదురుగా గీస్తే సరళరేఖ రావాలి.

అసలు వీణ మీద కొలిస్తే కొన్ని బిందువులు రేఖకు అటూఇటూ పడతాయి. నొక్కితే తంతి బిగువు పెరుగుతుంది. పైగా మెట్లను మైనం మీద చెవితో సరిచూసి నిలుపుతారు. ఆ తేడా ఎంతో, ఎందుకో అడిగినప్పుడే బిందువులకు బాగా దగ్గరగా పోయే రేఖను వెతికే కనిష్ఠ వర్గాల పద్ధతికి పని పడుతుంది. సుద్దముక్కను అప్పుడు తీయాలి, కంప్యూటర్‌ను ఆ తర్వాత.

ఇలా సాగితే సిలబస్ పూర్తికాదంటారు. నిజమే, ప్రతి పాఠానికీ వీణ దొరకదు. యూనిట్‌కు ఒక్క వస్తువు చాలు, దాన్ని ఎంచడానికి గణితం మాస్టారితో పాటు బ్రాంచి మాస్టారూ కూర్చోవాలి. పరీక్షా మారాలి. కొలతల పట్టిక ఇచ్చి, ఏ సమీకరణం సరిపోతుందో, ఏ మెట్టు ఎంత తప్పిందో రాయమనే పది మార్కుల ప్రశ్న ఒక్కటి ప్రశ్నపత్రంలో ఉంటే తప్ప పిల్లలెవరూ స్కేలు చేతపట్టరు.